నంజుండప్ప టాకీసు, తదితరులు

మా అక్క మనవరాలు బెంగుళూరులో ఒక మాల్‌లోని సినిమా హాళ్లకు మేనేజరుగా చేరింది. చేరిన వారానికే ఫోను చేసి, నువ్వు కూడా ఇదే పని చేశావట కదా తాతా, నాకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్పు అని అడిగింది. చెప్పబోతే నోటికి వచ్చినవన్నీ రీళ్లు, ప్రొజెక్టరులో వెలిగించే కార్బన్ కడ్డీలు, ఫ్యాన్లు, క్యూలు. ఆ పిల్ల హాళ్లలో రీలే లేదు. సినిమా ఎక్కడినుంచో కంప్యూటరులోకి దిగుతుందట. తర్వాత చెప్తానని ఫోను పెట్టేశాను. ఆ తర్వాతే ఇది రాయడానికి కూర్చున్నాను.

తొంభైల మొదటి నుంచి రెండువేల తర్వాత చాలా ఏళ్ల వరకు నేను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్లలో సినిమా హాళ్లు నడిపాను. మధ్యలో కొంతకాలం తప్ప మిగతాదంతా ఒకరి కింద ఉద్యోగమే. మేనేజరుగా నేను మంచివాణ్ణి. నేనున్న హాల్లో షో ఆలస్యంగా మొదలైన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయితే ఆ గొప్పలు ఈ పిల్లకు అక్కర్లేదు. ఆమెకు పనికొచ్చేది ఒకటే ఉంది. అది ఒక మనిషి మీద నేను ఏళ్ల తరబడి పెంచుకున్న కుళ్ళు. ఆ మాట మొదట అన్నది మా ఇంటామె. అప్పుడు ఆమె మీద కోప్పడ్డాను.

ఏమీ తెలియని ఓనరు

హిందూపురంలో నేను చేరిన టాకీసు పాతది. రేకుల కప్పు, ముందు వరసల్లో చెక్క బెంచీలు, తెర ముందు నడుమెత్తు అరుగు. గోడ మీద దీపాలతో పెద్ద పేరు ఉండేది. ఊళ్లో ఒక్కరూ ఆ పేరు పలికేవారు కాదు. నంజుండప్ప టాకీసు అనేవారు. నంజుండప్ప దాని ఓనరు.

ఆయనకు సినిమా సంగతి ఏమీ తెలియదు. ప్రొజెక్టరు గదిలోకి ఆయన రావడం నేను ఎన్నడూ చూడలేదు. సౌండు సరిగా లేదని జనం అరిస్తే, ఏందో చూడప్పా అని నా వైపు తిరిగేవాడు. ఏ బొమ్మ ఆడుతోందని ఎవరైనా అడిగితే వెనక్కు తిరిగి పోస్టరు చూసి చెప్పేవాడు. బస్సు మీద రావలసిన సినిమా పెట్టె రాకపోతే పరుగెత్తేది నేను. రీలు తెగితే ఆపరేటరు పక్కన నిలబడి అతికించేది నేను. ఆడవాళ్ల క్యూలోకి మగపిల్లలు దూరితే చెయ్యి పట్టి లాగేది నేను. ఆయన మ్యాటినీ వేళకు ఇంటి నుంచి నడిచి వచ్చేవాడు. తెల్ల పంచె, నలిగిన చొక్కా. గేటు పక్కన చేతులు వెనక్కు కట్టుకుని నిలబడేవాడు. నా కళ్లకు అంతకు మించి ఆయన చేసే పని ఏదీ కనబడలేదు.

లోపలికి పోయే జనం ఆయన దగ్గర ఆగి రెండు మాటలు మాట్లాడి పోయేవారు. సగం తెలుగు, సగం కన్నడం. ఎవరి కోడలు కాన్పుకు పోయింది, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, ఇవే మాటలు. బెంచీల్లో నల్లులున్నాయని తిట్టేవాళ్లు కూడా ఆయన్నే తిట్టేవారు. నేను దారిలోనే నిలబడి ఉన్నా నన్ను దాటి వెళ్లి ఆయన్ను తిట్టేవారు. నవ్వితే నవ్వండి గాని, ఆ తిట్లు నాకు రాకుండా ఆయనకు పోవడం కూడా నాకు కష్టంగా ఉండేది.

ఆయనకు ఒక విద్య ఉండేది. ఆ రోజు ఎవరెవరు వచ్చారో నేనూ చెప్పగలను. ఎవరు రాలేదో ఆయన చెప్పేవాడు. మార్కెట్లో చింతపండు అమ్మే లక్ష్మమ్మ రెండు వారాలు కనబడకపోయేసరికి, ఆమెకు ఏమయిందో కనుక్కోమని నన్ను అడిగాడు. కనుక్కుంటే, జారిపడి కాలు విరిగి ఇంట్లో ఉంది. ఆయన ఆమెను చూడటానికి పోయాడు. నేను కొత్త సినిమా పోస్టర్లు అతికించే మనుషుల వెంట పోయాను. ఆ రోజు నాకు అనిపించింది ఒకటే. పని చేసేది నేను, పరామర్శకు పోయేది ఆయన.

పదకొండు గంటలకు మార్నింగ్ షో. అంతవరకు హాలు ఖాళీ. ఆ ఖాళీని నంజుండప్ప ఊరికి వదిలేశాడు. బడి వార్షికోత్సవాలు, హరికథలు, కన్నడ నాటకాలు, ఉర్దూ కవుల ముషాయిరాలు, క్రిస్మస్ ముందు చర్చి పిల్లల పాటలు. ఎవరు వచ్చి అడిగినా తీసుకోండప్పా అనేవాడు. బాడుగ మాట ఎత్తేవాడు కాదు. తీసుకోండి అనడం ఆయన వంతు. తెరకు పరదా లాగించడం, మైకులు సర్దించడం, తర్వాత పూలరేకులూ పల్లీల పొట్టూ ఊడ్పించి పదకొండుకు బెల్లు కొట్టించడం నా వంతు. సభ చివర శాలువా ఆయనకు కప్పేవారు. మరుసటి రోజు పేపర్లో, కార్యక్రమంలో నంజుండప్ప తదితరులు పాల్గొన్నారు అని పడేది. ఆ తదితరులలో నేను ఏడేళ్లు ఉన్నాను.

ఒక ఆదివారం

సోమందేపల్లి దిక్కున ఒక పల్లెలో గంగులప్ప అనే గొర్రెల కాపరి ఉండేవాడు. ఆ పల్లె మగవాళ్లు కొందరు కలిసి ఒక పౌరాణిక నాటకం నేర్చుకున్నారు. హార్మోనియం మాస్టరును పల్లెకు పిలిపించుకుని ఏడాది పాటు అభ్యాసం చేశారు. గంగులప్పది రాజు వేషం. చదువు రాదు. మాస్టరు పాడింది విని, పగలంతా గొర్రెల వెంట తిరుగుతూ పద్యాలన్నీ నోటికి పట్టాడు. పల్లెలో ఆడారు, పక్క పల్లెల్లో ఆడారు. ఒక్కసారి హిందూపురంలో నంజుండప్ప టాకీసులో ఆడాలని వాళ్ల ఆశ. ఆయనను వచ్చి అడిగారు. తీసుకోండప్పా అన్నాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి పదిన్నరకు ముగించాలని నేను గట్టిగా చెప్పాను. వేషాల సామాను తెచ్చే బస్సు దారిలో ఆగిపోయింది. నాటకం మొదలయ్యేసరికి తొమ్మిది దాటింది. ముందు వరసల్లో పల్లె నుంచి వచ్చినవాళ్లు, ఊళ్లోని పెద్దవాళ్లు కొందరు. మిగతా హాలంతా ఖాళీ. బయట సంగతి వేరు. పెద్ద హీరో సినిమా, విడుదలై మూడో రోజు. పదిన్నరకే జనం రోడ్డు మీదికి పొర్లారు. గేటు ఊగుతోంది.

పదకొండు కావస్తుంటే నేను నంజుండప్ప దగ్గరికి పోయి, ఇప్పుడే బెల్లు కొట్టించి నాటకం ఆపకపోతే గేటు విరుగుతుందని చెప్పాను. ఇంకా ఎంతసేపు ఉందని అడిగాడు. ముప్పావు గంట పైనే అని చెప్పాను. ఆయన అరుగు వైపు చూశాడు. గంగులప్ప అప్పుడే ఒక పద్యం ఎత్తుకున్నాడు.

"ఏడాది నేర్చుకున్యాడప్పా ఆ మనిషి" అన్నాడు నంజుండప్ప. "నడిమధ్యలో ఎట్ల ఆపమంటావు? కానియ్యి. గేటు కాడికి నేను పోతా."

నేను వద్దన్నాను. వినలేదు. పోయి గేటు బయటికి దిగాడు. జనం ఆయన మీద పడ్డారు. ఎవరో చొక్కా పట్టుకుంటే జేబు చిరిగి వేలాడింది. ఆయన జేబు సర్దుకోలేదు, గొంతు పెంచలేదు. కాసేపు అరవనిచ్చి, అప్పుడు అన్నాడు.

"లోపల గొర్లు మేపే ఆయప్ప పద్యం పాడతాండాడు. సగంలో ఆపేదానికి నాకు మనసు రాలే. మీ బొమ్మ యాడికీ పోదు, నేనూ యాడికీ పోను. ఈడనే నిలబడుంటా. ఇనాలనుకుంటే లోపలికి వచ్చి ఎనక నిలబడండి."

గేటు తెరిపించాడు. కొందరు తిట్టుకుంటూ బయటే నిలబడిపోయారు. చాలామంది లోపలికి వచ్చారు. వచ్చినవాళ్లు మొదట గోల చేశారు. ముందు వరసల్లోని ముసలివాళ్లు వెనక్కు తిరిగి చూసేసరికి గోల తగ్గింది. గంగులప్ప తల ఎత్తి చూశాడు. ఖాళీగా ఉన్న హాలు నిండిపోయి ఉంది. పాడుతున్న పద్యం ముగించి, ఎవరూ అడగకుండానే దాన్నే మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి రాగం తీస్తుంటే రేకుల కప్పు కింద చప్పుడన్నది లేదు. సినిమాకు వచ్చిన కుర్రవాళ్లు ఈలలు వేసి మూడోసారి పాడించుకున్నారు.

ఆ ఆదివారం గురించి హిందూపురంలో ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. నంజుండప్ప చిరిగిన జేబుతో గేటు దగ్గర నిలబడిన సంగతి చూడనివాళ్లు కూడా చూసినట్టే చెప్పేవారు.

ఎవరూ చెప్పుకోని సంగతి ఒకటుంది. ఆ రోజు దాదాపు గంట ఆలస్యమైంది. మార్నింగ్ షో, మ్యాటినీలలోనే ఆ గంటను నేను పూడ్చాను. ప్రకటనల స్లైడ్లు తీసేశాను, ఇంటర్వెల్లు కుదించాను, హాలు ఊడ్చే మనుషులను రెట్టింపు చేశాను, జనం బయటికి పోయే తలుపులన్నీ తెరిపించాను. సాయంత్రం ఫస్టు షో సరిగ్గా రావలసిన టైముకు వచ్చింది. ఎవరూ గమనించలేదు. ఎవరూ గమనించకపోవడమే ఆ పనిలో గొప్పతనం. నా కడుపుమంట కూడా దానికే.

ఇంటికి పోయి మా ఇంటామె ముందు అంతా వెళ్లగక్కాను. ఆమె అన్నం వడ్డిస్తూ విన్నది.

"నీకు ఆయప్ప మింద కుళ్ళు. అంతే, ఇంకేం లేదు" అన్నది.

కంచం ముందు నుంచి లేచిపోయాను.

పెనుకొండలో నా పేరు

కొంతకాలానికి పెనుకొండలో ఒక టాకీసు లీజుకు దొరుకుతుందని తెలిసింది. దాని యజమానులు వేరే ఊరు వెళ్లిపోయారు, నడిపేవాళ్లు లేరు. నేను తీసుకున్నాను. మా ఇంటామె వద్దన్నది. నంజుండప్ప మాత్రం, నీకు పని తెలుసు, బాగా నడుపుతావు అని పంపాడు. ఆ మాట కూడా నాకు గుచ్చుకుంది. పని తెలుసన్నాడు గాని, ఓనరువు అవుతావని అనలేదు కదా అనుకున్నాను. కుళ్ళు ఉన్నవాడికి దీవెన కూడా తిట్టులాగే వినబడుతుంది.

పెనుకొండ హాలును నేను అద్దంలా పెట్టాను. కొత్త తెర వేయించాను, సౌండు బాగు చేయించాను. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్న టాకీసు ఆ చుట్టుపక్కల నాదొక్కటే. అన్నీ సరిచేసి, మ్యాటినీ వేళకు తెల్ల పంచె కట్టుకుని, గేటు పక్కన చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డాను. మొదటి రోజు ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. నా గుండె పొంగింది.

"ఏమప్పా, టికెట్లు ఇచ్చేది యాడ?" అన్నాడు.

నెల తర్వాత కూడా అదే ప్రశ్న. నేను ఎవరి కోడలి సంగతీ అడగలేదు, నాకు ఎవరి కోడలూ తెలియదు. నిలబడినంత మాత్రాన మాటలు రావు. అది నాకు అప్పుడు తట్టలేదు. ఊరు చిన్నది, ఆఫీసుల కోసం వచ్చిపోయే జనం ఎక్కువ, అందుకే ఇట్లా ఉందని సర్దిచెప్పుకున్నాను.

అప్పుడు గంగులప్ప గుర్తుకు వచ్చాడు. అతని పల్లె పెనుకొండకూ దగ్గరే. నేనే పోయి, ఆదివారం పొద్దున మా హాల్లో మీ నాటకం ఆడండి అని పిలిచాను. సంతోషంగా ఒప్పుకున్నారు. కరపత్రాలు వేయించాను. నాటకం పేరు కన్నా నా పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఊరంతా పంచాను.

జనం బాగానే వచ్చారు. ఆఫీసు ఉద్యోగులు పెళ్లాంపిల్లలతో వచ్చారు. నాటకం ఈసారి సమయానికే మొదలైంది, కాని ప్రేక్షకులు పద్యాలు మళ్లీ మళ్లీ పాడించుకోవడంతో సాగింది. పదకొండు కావస్తోంది. బయట మార్నింగ్ షోకు వచ్చినవాళ్లు నలభై మంది ఉంటారేమో. పాత సినిమా. వాళ్లెవరూ గొడవ చేయలేదు, నీడలో కూర్చుని బీడీలు కాల్చుకుంటున్నారు.

నేను ముందు వరస పక్కన నిలబడి ఉన్నాను. గంగులప్ప ఆ పద్యం ఎత్తుకున్నాడు. నా ముందు కూర్చున్న ఇద్దరిలో ఒకాయన పక్కనున్నాయనతో అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది. హిందూపురంలో నంజుండప్ప టాకీసులో పాడిన మాదిరే పాడతాండాడు, ఆ పొద్దు నేనూ ఉంటిని అన్నాడు. రెండో ఆయన నంజుండప్ప సంగతి అడిగాడు. మొదటాయన జేబు చిరిగిన కథ చెప్పడం మొదలుపెట్టాడు. నా హాల్లో, నా కరపత్రం చేతిలో పట్టుకుని.

పదకొండు అయింది. నేను పైకి పోయి, బెల్లు కొట్టి అరుగు మీది దీపాలు ఆర్పేయమని ఆపరేటరుతో చెప్పాను. పద్యం కానియ్యండి సార్ అన్నాడు. టైమంటే టైమే అన్నాను. అతను స్విచ్చి మీద చెయ్యి పెట్టి నా వైపు చూస్తూ ఉండిపోయాడు. నేనే ఆర్పాను.

చీకట్లో గంగులప్ప గొంతు ఆగలేదు. పద్యం చివరి పాదం పూర్తి చేశాడు. రాగం కూడా తీశాడు. ఆ తర్వాత హాల్లో దీపాలు వెలిగాయి. జనం ఎవరూ అరవలేదు, ఒక్క బెంచీ కూడా విరగలేదు. లేచి పిల్లలను ఎత్తుకుని వెళ్లిపోయారు. గంగులప్ప కిరీటం తీసి చేతిలో పట్టుకుని పక్క తలుపు గుండా దిగుతూ నన్ను చూశాడు.

"అయిపాయలేప్పా, నీ బొమ్మ ఏసుకో" అన్నాడు.

చాలా కాలం వరకు దాన్ని క్రమశిక్షణ అని చెప్పుకున్నాను. సినిమా హాలుకు షో టైము ముఖ్యం, అది తప్పితే హాలే లేదు అనేవాణ్ణి. అది అబద్ధం. నలభై మంది బీడీలు కాల్చుకుంటున్నారు, వాళ్లు ఇంకో అరగంటైనా కూర్చునేవారు. నేను దీపాలు ఆర్పింది నంజుండప్ప పేరు వినలేక.

ఆ తర్వాత పెనుకొండలో ఎవరూ నా హాలు అడగలేదు. బడి వార్షికోత్సవం ఆవరణలోనే షామియానా వేసి చేసుకున్నారు. నేను హెడ్‌మాస్టరు దగ్గరికి పోయి, ఊరికే ఇస్తాను తీసుకోండి అన్నాను. ఆయన మర్యాదగా, పిల్లలు పాట మధ్యలో ఉండగా మీకు టైమయితే ఇబ్బంది కదండీ అన్నాడు. సినిమాలకు వచ్చే జనం కూడా పలచబడ్డారు. ఇంటింటా టీవీలు వచ్చిన కాలం, అదీ నిజమే. కాని ఊరికి నా హాలుతో సినిమా తప్ప ఇంకే సంబంధమూ లేకపోయింది. సినిమా ఇంట్లోనే దొరికినప్పుడు నా దగ్గరికి ఎందుకు రావాలి? మూడో ఏడు తాళాలు తిరిగి ఇచ్చేశాను. మూతపడిన రోజు ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు.

ఊరు వదిలే ముందు గంగులప్పను వెతుక్కుంటూ పోయాను. గుట్ట కింద గొర్రెలు మేపుతూ కనబడ్డాడు. తప్పు చేశానని చెప్పాను. ఎందుకు చేశానో మాత్రం చెప్పలేదు. అతను పక్కకు పోయిన గొర్రెను అదిలించి వచ్చాడు.

"చీకట్లో పాడేది నాకు కొత్త కాదప్పా, దినామూ గొర్ల దొడ్డి కాడ పాడేదే. కూచున్నోళ్లు లేచి పోతాంటే చప్పుడు ఇనపడె చూడు, ఆ కాడ నోరు ఎండిపాయ."

మజ్జిగ తాగి పొమ్మన్నాడు. తాగి వచ్చాను.

ఆ వారంలోనే నంజుండప్ప నన్ను వెతుక్కుంటూ పెనుకొండకు బస్సులో వచ్చాడు. హాలు మూసేశానని ఎవరో చెప్పారట. వెనక్కు రమ్మన్నాడు. నా గదిలో ఇంకా ఎవరినీ కూర్చోబెట్టలేదని చెప్పాడు. మా ఇంటామె నా మొహం చూస్తోంది, ఒప్పుకుంటానని. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించలేదు. మరుసటి వారం ధర్మవరంలో చేరిపోయాను.

ధర్మవరంలో తెలిసింది

ధర్మవరం హాలు ఓనరు పద్మావతమ్మ అనే ఆవిడ. భర్త పట్టుచీరల వ్యాపారి, ఆయన పోయాక హాలు ఆమె చేతికి వచ్చింది. ఆమెకూ సినిమా సంగతి తెలియదు. నాకు మళ్లీ అదే రాత అనుకున్నాను. కానీ ఆమె మొదటి నెలలోనే ఒక పని చేసింది. మగ్గాల ఇళ్లకు పోయి, ఆడవాళ్లకు ఏ వేళ తీరుతుందో అడిగి వచ్చింది. మ్యాటినీని అరగంట ఆలస్యంగా మొదలుపెట్టమంది. మగ్గానికి పడుగులు పట్టి, కండెలకు నూలు చుట్టే పని ముగించుకుని ఆడవాళ్లు రావడానికి అది సరిపోతుందట. టైము మార్చడం మంచిది కాదని నేను వాదించాను. మార్చాక మ్యాటినీకి ఆడవాళ్ల వైపు నిండిపోయింది.

కొన్నేళ్లకు ఒకరోజు నేత పనివాళ్లు వచ్చారు. చాలామందికి నేత నేర్పిన ఒక ముసలాయనకు సన్మానం చేసుకోవాలని, ఒక పొద్దున హాలు కావాలని అడిగారు. పద్మావతమ్మ నన్ను పిలిచింది. హిందూపురంలో నంజుండప్ప అని ఒకాయన ఇట్లా ఊరికే ఇచ్చేవాడట కదా, నువ్వు ఆయన దగ్గర పని చేసినావు కదా, అది మంచిదేనా అని అడిగింది.

ఆయనకు మొహమాటం ఎక్కువ, ఎవరినీ కాదనలేడు, దానివల్ల హాలు పాడైంది, పని అంతా మేం సర్దుకునేవాళ్లం అని చెప్పాను. ఒక్క మాట కూడా మంచిగా రాలేదు. నా నోటి నుంచి అది వస్తుంటే నాకే వినబడుతోంది. ఆమె అంతా విని, అయినా ఇద్దాములేప్పా, పాడయితే నన్నే కదా అనేది అన్నది.

నాకు అప్పుడు తెలిసింది. పదేళ్ల పైన పట్టింది తెలియడానికి. మేనేజరు పని అంతా తప్పు జరగకుండా చూసుకోవడం. ఓనరు పని వేరు. తప్పు జరిగితే ఊరు ఎవరిని తిట్టాలో ఆ మనిషిగా నిలబడటం. ఊరికి ఒక సభ కావాలన్నా, నాటకం కావాలన్నా, ఎవరో ఒకరు నా పేరు పోయినా ఫరవాలేదు, కానియ్యి అనాలి. ఆ మాట అనగలిగిన వాళ్ల హాళ్లే ఊరివయ్యాయి. నాకు ప్రొజెక్టరు తెలుసు, టైము తెలుసు. కాని పోగొట్టుకునే ధైర్యం లేదు. నా పేరంటే నాకు అంత ప్రీతి.

ఇదంతా తెలిశాక కుళ్ళు పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. తెలియక ముందు, ఆయనకు ఏమీ రాదు అనే ఊరట ఉండేది. తెలిశాక అదీ పోయింది. అప్పటికి ఆయన్ను చూసి కొన్నేళ్లయింది. హిందూపురం పెళ్లిళ్లకు పోయినా ఆ వీధి తప్పించి పోయేవాణ్ణి.

ఉద్యోగం గురించి ఆ పిల్లకు చెప్పవలసింది కూడా ఇక్కడే ఉంది. నీ హాళ్లకు ఓనరు అంటే ఏదో కంపెనీ, ఎక్కడ ఉంటుందో నీకూ తెలియదు. గేటు దగ్గర తిట్టించుకునే మనిషి లేడు. రేపు ఎవరైనా వచ్చి ఒక పొద్దున హాలు అడిగితే, పైవాళ్లను అడుగుతానని చెప్పకుండా, నువ్వే ఒకసారి ఇచ్చి చూడు. మాట వస్తే పడు. ఉద్యోగం పోతుందేమో నాకు తెలియదు. నేనైతే ఎప్పుడూ అంత దూరం పోలేదు, అందుకే నా సలహాకు ఎంత విలువ ఇవ్వాలో నువ్వే చూసుకో.

కూల్చిన రోజు

రెండువేల తర్వాత కొన్నేళ్లకు మూడూళ్లలోనూ హాళ్లు ఒక్కొక్కటే మూతబడటం మొదలైంది. కొన్ని కల్యాణ మండపాలయ్యాయి, కొన్ని గోదాములయ్యాయి. నంజుండప్ప టాకీసును కూల్చి దుకాణాల సముదాయం కడుతున్నారని మా ఇంటామెకు బంధువులు చెప్పారు. ఏ రోజో కూడా చెప్పారు. నేను పోనన్నాను. ఆ రోజు పొద్దున ఎవరికీ చెప్పకుండా హిందూపురం రైలెక్కాను.

ఆ వీధిలోకి పోయేసరికి వందల మంది. సెలవు రోజు కూడా కాదు. మార్కెట్ ఆడవాళ్లు గంపలు దించి నిలబడ్డారు. బడి పిల్లలను మాస్టర్లు వరసగా తీసుకువచ్చారు. టోపీలు పెట్టుకున్న పెద్దవాళ్లు, కన్నడం మాట్లాడే రైతులు, చర్చి పాస్టరు గారు. గంగులప్ప కూడా వచ్చాడు, జుట్టంతా నెరిసిపోయింది. జనం తలుపు చెక్కలు, బెంచీ ముక్కలు అడిగి తీసుకుంటున్నారు. ఒక ముసలామె గోడను చేత్తో తడుముతోంది.

నేను రోడ్డు అవతల అరటిపండ్ల బండి వెనక నిలబడ్డాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. పెనుకొండలో నేను తాళాలు ఇచ్చిన రోజు గుర్తుకు వచ్చింది. ఆ వీధిలో ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. ఒక మనిషికి తన హాలు కూలిపోయే రోజున కూడా నా కన్నా ఎక్కువ దక్కిందని నాకు ఒళ్లు మండింది. కూలిపోయే గోడను చూసి కూడా కుళ్ళుకునే మనిషి ఉంటాడని నేను ఎవరి దగ్గరా వినలేదు. అక్కడ నిలబడి ఉన్నాను, ఆ మనిషి నేనే.

నంజుండప్పను ఇద్దరు పట్టుకుని తెచ్చారు. చాలా చిక్కిపోయాడు. ఫొటో స్టూడియో ఆయన అందరినీ గేటు ముందు నిలబెట్టాడు. నంజుండప్ప మధ్యలో. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. ఆయన మాత్రం అలవాటు చొప్పున జనాన్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చాడు. ఎవరు రాలేదో చూస్తున్నాడని నాకు తెలుసు. చూపు రోడ్డు దాటి ఇవతలికి వచ్చింది. బండి వెనక నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. కుడి చెయ్యి పైకెత్తి, రమ్మని ఊపాడు. తన పక్కనున్న మనిషిని కాస్త జరగమన్నట్టు రెండో చేత్తో తోశాడు.

నేను తల వంచుకుని అరటిపండ్లు ఎంతని అడిగాను.

మళ్లీ తల ఎత్తేసరికి ఫొటో తీయడం అయిపోయింది. యంత్రం గోడ దగ్గరికి పోయింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ములో స్టేషను వైపు నడిచాను. ఆ తర్వాత రెండేళ్లకు ఆయన పోయాడు. అప్పుడూ నేను పోలేదు.

ఆ ఫొటోను ఫ్రేము కట్టించి హిందూపురంలో చాలామంది దుకాణాల్లో పెట్టుకున్నారు. మొన్న మా మనవరాలు కూడా ఎవరో పంపారని ఫోనులో చూపించింది. అందులో అందరూ నేరుగా చూస్తున్నారు. నంజుండప్ప ఒక్కడు పక్కకు చూస్తూ చెయ్యి ఎత్తి ఉన్నాడు. ఆయన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. ఓనరు తన టాకీసుకు వీడ్కోలు చెబుతున్నాడు అని దాని కింద రాశారు. ఎంత బాగుంది తాతా అంది ఆ పిల్ల.

వీడ్కోలు కాదమ్మా అది. నన్ను పిలుస్తున్నాడు.